రేడియేటర్లో కొరమేను

మా గూడబాతుకి బ్రేకులు సరిగా పడవన్న సంగతి కొల్లేట్లో చేపలకి కూడా తెలుసు. అందుకే అవి రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకుని మరీ దాటుతాయి.

ఇలాంటి కోతలు కోస్తూనే ఈ వయసు దాకా వచ్చాను. మా మండవల్లిలో ఎవరైనా “శ్రీరంగనాయకులుగారు చెప్పారు” అంటే పక్కవాడు “అయితే సగం తీసెయ్యి” అంటాడు. నాకేం కోపం లేదు. సగం మిగులుతోంది కదా! కానీ బుడమేరు వాగు పొంగి కొల్లేరు రోడ్డెక్కిన ఆ వానాకాలం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఏమీ తీసెయ్యక్కర్లేదు. అందులో అబద్ధాలు లేకపోలేదు. అవన్నీ అప్పుడు కారులో ఆడినవి. ఇప్పుడు కలుపుతున్నవి కావు.

గూడబాతంటే మా కారు. పాత అంబాసిడర్లలోనే పొడుగు రకం, ఎస్టేటు అనేవారు. దీనికి వేరే డిక్కీ ఉండదు. కప్పు చివరిదాకా సాగిపోయి, వెనక పెద్ద తలుపు తెరుచుకుంటుంది. వెనక సీటు మడిచేస్తే లోపల చిన్న గదంత చోటు. తాడేపల్లిగూడెం మార్కెట్టు నుంచి మా కిరాణా కొట్టుకి ఉల్లిపాయల బస్తాలు అందులోనే తెచ్చేవాణ్ణి. ఆటపాక చెరువులో వాలే గూడబాతు పక్షి గొంతు సంచీలో ఎన్ని చేపలు వేసుకున్నా ఇంకోదానికి చోటుంటుంది చూడండి, ఇదీ అంతే. ఎన్ని బస్తాలు ఎక్కించినా ఇంకోటి మింగేది.

ఆ ఏటి వేసవిలో నా భార్య అమ్మాజీకి కిడ్నీలు రెండూ పని మానేశాయి. వారానికి మూడుసార్లు ఏలూరు ఆస్పత్రికి వెళ్ళి మెషీను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. వేళకి మంచం దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆ వంతు వెనకవాళ్ళకి పోతుంది. ఒక వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఇంకోటి కూడా తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. డాక్టరుగారు ఈ మాట చెప్పినప్పుడు “కొల్లేటి వాళ్ళకి నీళ్ళంటే భయమేంటండీ” అన్నాను, ఆయన్ని నవ్విద్దామని. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

మెషీను మీంచి దిగాక ఆవిడ కూర్చోలేదు. కళ్ళు తిరిగి పడిపోతుంది. అందుకని గూడబాతులో పరుపు వేశాను. మా అబ్బాయి హరిప్రసాద్ అంబులెన్సు మాట్లాడతానన్నాడు.

“వద్దురా నాయనా” అంది అమ్మాజీ. “ఆ కూతల బండి మన వాకిట్లో ఆగిందంటే ఊళ్ళో వాళ్ళందరూ అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి దిగిపోతారు. వాళ్ళందరికీ కాఫీలు కలపలేక శ్రీలక్ష్మి మంచం పడుతుంది. నన్ను ఈ ఉల్లిపాయల బండిలోనే పడెయ్యండి. ఎవరైనా చూసినా సరుకు వెళ్తోందనుకుంటారు.”

శ్రీలక్ష్మి మా కోడలు. స్కూల్లో టీచరు. తను బడికి, హరిప్రసాద్ కొట్టుకి. నేను, అమ్మాజీ ఏలూరికి. అలా మొదలైంది.

మాకు పెళ్ళయిన కొత్తలోనే ఒక ఒప్పందం కుదిరింది. ఇంట్లో ఆవిడ చెబితే నేను వినాలి, కారులో నేను చెబితే ఆవిడ వినాలి. గూడెం వెళ్ళినా, అత్తిలిలో వాళ్ళ పుట్టింటికి వెళ్ళినా, దారి పొడుగునా నా కథలే. పక్క సీట్లో కూర్చుని ఆవిడ ఊ కొట్టేది. ఆ ఇంజను రొదలో నాకు వినపడేది కాదు గానీ పెదాలు కదలడం కనపడేది. నాకు అది చాలు.

ఆవిడ కోసం అట్టేపెట్టిన కథ ఒకటుంది. ఒక వరదలో మా కారు పీకల్దాకా మునిగింది, ఇది నిజం. అప్పుడు ఒక కొరమేను పిల్ల రేడియేటర్లో దూరిందని, మళ్ళీ బయటికి రాలేదని, అది తోకాడిస్తే నీళ్ళు చల్లబడతాయని, అందుకే మా ఇంజను ఎన్నడూ వేడెక్కదని నేను చెబుతాను. “ఇన్ని కార్లుండగా అది మన కారులోనే ఎందుకు దూరిందో తెలుసా? మన ఇంట్లో చేప వండరు కాబట్టి. దానికి మనుషుల్ని చూసి మసులుకునే తెలివి ఉంది.” ఏటా ఆ చేప కాస్త పెరుగుతుంది. ఒక ఏడు దానికి పెళ్ళిచూపులు కూడా అయ్యాయి. పిల్లకి హారన్ చప్పుడు పడలేదట.

ఇప్పుడు ఆవిడ పరుపు మీద పడుకుంటే అద్దంలో కనపడదు. పెదాలు కదులుతున్నాయో లేదో తెలియదు. కథ చెబుతూ చెబుతూ నాకు గుండె జారిపోయేది. బండి ఆపి, దిగి, వెనక తలుపు తీసి చూసేవాణ్ణి.

“ఏమైందండీ?”

“ఏం లేదు. చేప ఎలా ఉందో చూద్దామని.”

“చేప ముందుంటుందిగా. వెనక తెరిచారేం?”

ఇలా ఆగుతూ పోతే వేళకి చేరేదెలా? దేవుడి గదిలోంచి హారతి గంట తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. “మెలకువగా ఉన్నట్టు గుర్తుగా అప్పుడప్పుడు మోగించు” అన్నాను. కొల్లేటి రోడ్డు గతుకులకి ఆ గంట దానంతటదే మోగడం మొదలెట్టింది, ఏలూరు దాకా ఆగలేదు. అడుగడుగునా హారతులే. గంట మోగుతూనే ఉంది, నా భయం మాత్రం పోలేదు.

చినఎడ్లగాడి దగ్గర మా రోడ్డు పల్లం. తొలి వానలకే నీళ్ళు రోడ్డు మీదికి వస్తాయి. పాత బ్రేకులు చక్రాల లోపల డ్రమ్ముల్లో ఉంటాయి. వాటిలోకి నీళ్ళు పోతే ఆరేదాకా పట్టుండదు. అందుకని మా వైపు నీళ్ళు దాటినవాడు ఎవడైనా కాసేపు బ్రేకు మీద కాలు ఆన్చి మెల్లగా నడుపుతాడు. దాన్ని బ్రేకు ఆరబెట్టడం అంటాం. ఆ తర్వాత కూడా ఒకసారి తొక్కితే నమ్మకం లేదు, రెండు పోట్లు పొడవాలి. ఒకటి అడగడానికి, రెండోది ఆగడానికి.

ఒక రోజు అలా ఆరబెట్టే వ్యవధి లేకపోయింది. మెషీను వేళ తరుముకొస్తోంది. నీళ్ళు దాటీ దాటగానే వేగం పెంచాను. ఎదురుగా చేపల ట్రేలతో ఒక ట్రాక్టరు మలుపులో అడ్డంగా తిరుగుతోంది. ఒక పోటు పొడిచాను. లేదు. రెండో పోటు పొడిచాను. కాలు కింద గుడ్డముక్కని తొక్కినట్టుంది. ఇక స్టీరింగు ఎడమకి తిప్పేశాను. గూడబాతు గట్టు దిగి, పక్కన బోదె కాలవలో గుర్రపుడెక్క మీద మెత్తగా కూర్చుంది.

గంట ఆగిపోయింది.

నేను వెనక్కి తిరగలేకపోయాను. మెడ రాలేదు.

“ఏవండీ, వచ్చేశామా?” అని వినపడింది.

“ఆఁ... ఇక్కడ చిన్న హాల్టు” అన్నాను.

ట్రాక్టరు తోలే తాతాజీ తాడు కట్టి మమ్మల్ని బయటికి లాగాడు. ఏలూరు చేరేసరికి అమ్మాజీ మంచం మీద వేరే ఆవిడ ఉంది. నర్సు జెస్సీ నా బురద పంచె చూసి, “తాతగారండీ, నేనేం చెయ్యనండీ, ఎక్కించేశాం” అంది, తనదే తప్పయినట్టు. మర్నాటికి అమ్మాజీ మొహం ఉబ్బింది. కళ్ళు గీతల్లా అయిపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. మరుసటి వంతు దాకా మేమందరం ఆ గోడ పక్కనే కూర్చున్నాం.

హరిప్రసాద్ అన్నాడు: “నాన్నగారూ, దాన్ని తుక్కుకి ఇచ్చేద్దాం. నేను వ్యాను చూస్తాను.”

వ్యాను తెచ్చి చూపించాడు కూడా. అమ్మాజీ దాని మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు ఎత్తలేక అలాగే నిలబడిపోయింది. నెమ్మదిగా కాలు దింపుకుని, “మన గూడబాతు అయితే మోకాలెత్తే కదండీ” అంది. అంతే. వ్యాను వెనక్కి వెళ్ళిపోయింది.

గూడెంలో రాజరత్నం షెడ్డుకి బయల్దేరాను. వాళ్ళ నాన్న నాటి నుంచీ మా బండికి వాళ్ళే వైద్యులు. చేతి పనిలో ఎంత ఘనుడో నోటి పనిలో అంతకు రెట్టింపు. నాకు దీటైనవాడు మా జిల్లాలో అతనొక్కడే.

“షావుకారుగారూ, మా నాన్న ఈ బండికి పెళ్ళి చేశాడు, నేను మారుమనువు చేస్తానండి” అన్నాడు బానెట్ మీద చరిచి. “గుద్దేసిన కొత్త జీపు ఒకటి దొరికింది. ముందు నుజ్జయిపోయినా ఇంజను బంగారం. పెట్రోలుది. చప్పుడుండదు. దాని ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు తెచ్చి దీనికి పెడతాను. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు. అవి బయటికే ఉంటాయి, పళ్ళెంలాగా. నీళ్ళు తగిల్తే చక్రం తిరగ్గానే విసిరేస్తాయి. ఆరబెట్టక్కర్లేదు. పైన బూస్టరు. ఇలా వేలు ఆన్చితే అలా ఆగుద్ది.”

“ఎన్నాళ్ళు?”

“వారమండి. ఇక్కడ కూర్చుంటే ఇంకా ముందే.”

కొత్త ఇంజను సంగతి ఆర్సీలో రాయించే పని హరిప్రసాద్ నెత్తిన వేసుకున్నాడు. వాడికి ఇష్టం లేదు. అయినా వేసుకున్నాడు.

వారం అయిపోయింది. ఇంకో వారమూ పోయింది. ఇంజను కూర్చుంది గానీ గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే షాఫ్టు పొడవు చాల్లేదు. దాన్ని కోసి, ముక్క అతికి, వంకర లేకుండా తిప్పి చూడాలి. ఆ లేతు పని చేసేవాడు ఏలూరులో ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా రాజరత్నం “రేపండి” అనేవాడు. లేతువాడి బావమరిది పెళ్ళి, లేతువాడికి జ్వరం, కరెంటు లేదు. నా జీవితంలో నేను చెప్పిన కథలన్నీ వడ్డీతో నాకే తిరిగొస్తున్నాయనిపించింది.

అన్నాళ్ళూ ఆటోలో తీసుకెళ్ళాం. శ్రీలక్ష్మి సెలవు పెట్టి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు అమ్మాజీ తల కోడలి ఒళ్ళో, కాళ్ళు ఆటో బయట. వాన జల్లు కాళ్ళ మీద పడుతుంటే నేను గొడుగు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ప్రతి గతుక్కీ ఆవిడ పళ్ళు బిగించుకునేది. ఒక ఉదయం చీర మార్చుకోమని శ్రీలక్ష్మి వెళ్తే, “ఇవాళ నేను రానమ్మా” అంది. గొడవ లేదు, ఏడుపు లేదు. కూర వద్దన్నట్టు అంది.

నేను బతిమాలాను. కథ ఎత్తుకున్నాను. “అవతల చేప నీకోసం...” అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగిపోయింది.

బస్సెక్కి గూడెం వెళ్ళాను. షెడ్డులో గూడబాతు స్టాండ్ల మీద ఉంది, కింద చక్రాల్లేవు. తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

“షావుకారుగారూ, దిగండి. మీ కిందే వెల్డింగు చెయ్యాలి.”

“చెయ్యి.”

“నిప్పురవ్వలు పడతాయండీ!”

“పడనీ.”

“ఏంటండీ ఇది, చిన్నపిల్లాళ్ళా. ఇంటికెళ్ళండి. అమ్మగారికి ఏదో ఒకటి చెప్పండి. మీకు చెప్పడం రాదా ఏంటి?”

“రావడం లేదయ్యా” అన్నాను. “ఏదీ రావడం లేదు. అందుకే వచ్చాను.”

రాజరత్నం నవ్వబోయి ఆగాడు. చేతులు తుడుచుకున్నాడు. చెప్పులేసుకుని, మోటారుసైకిలు తీసి, ఏలూరు వైపు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి షాఫ్టుని గోనెసంచిలో చుట్టి, కొడుకుని తెచ్చుకున్నట్టు భుజాన వేసుకుని దిగాడు. నేను ఇంకా ఆ సీట్లోనే ఉన్నాను.

బండి అప్పగిస్తూ ఒకే మాట చెప్పాడు. “ఒక్కసారే తొక్కండి. మీ రెండు పోట్ల అలవాటు మానెయ్యండి. ఇది మొదటి పోటుకే ఆగుద్ది. రెండోది పొడవడానికి మీరు సీట్లో ఉండరు, అద్దం మీదుంటారు.”

గేరు కూడా మారిపోయింది. పాత బండికి స్టీరింగు పక్కనే ఉండేది. ఇప్పుడు కింద, కాళ్ళ దగ్గర. ఇంటికి వచ్చే దారంతా నా ఎడమ చెయ్యి స్టీరింగు పక్కన లేని గేరు కోసం గాలిలో తడుముతూనే ఉంది. బండి మాత్రం సొంత నీడ మీద జారుతున్నట్టు వచ్చింది.

వాకిట్లో ఆపితే అమ్మాజీ పోల్చుకోలేదు. చప్పుడు లేకుండా గూడబాతు రావడమేమిటి! శ్రీలక్ష్మి పట్టుకుంటే గడప దాకా వచ్చి చూసింది. కళ్ళు చిట్లించి, “చేప ఏదండీ?” అంది.

అన్ని వారాల్లో ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

“కొత్త రేడియేటర్లోకి మార్పించాను. ఎక్కు, వెళ్తూ చెబుతా.”

ఎక్కింది.

ఊరు దాటాం. ఇంజను రొద లేదు. టైర్ల కింద తడి చప్పుడు, అంతే. నేను మొదలెట్టాను. “రాజరత్నం పాత రేడియేటరు విప్పగానే మన కొరమేను మూతి బయట పెట్టి చూసింది...”

వెనకనుంచి స్పష్టంగా, పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది. “అబద్ధం.”

నేను ఉలిక్కిపడ్డాను. “ఏంటి?”

“ఏం లేదు. చెప్పండి.”

“...చూసి, ‘షావుకారుగారి ఆజ్ఞ లేకుండా ఇల్లు మారను’ అంది.”

“అబద్ధం.”

“నువ్వు ఊ కదా కొడతావు?”

“నేనెప్పుడు కొట్టాను? మొదటినుంచీ నేనిదే అంటున్నాను. అత్తిలి వెళ్ళినా ఇదే, గూడెం వెళ్ళినా ఇదే. మీ ఇంజను గోలలో మీకు వినపడితేగా!”

నాకు నవ్వాగలేదు. బండి పక్కకి తీసి మరీ నవ్వాను. వెనక పరుపు మీద ఆవిడా నవ్వుతోంది, ఊపిరి చాలక ఆగి ఆగి. పెళ్ళయిన కొత్త నుంచీ ప్రతి మాటకీ నన్ను అబద్ధాలకోరంటూనే నా పక్కన కూర్చుంది మహాతల్లి. గంట ఆ రోజుతో దేవుడి గదికి వెళ్ళిపోయింది. ఇక నాకు ‘అబద్ధం’ వినపడితే చాలు. మాట మాటకీ వినపడాలని ఎంత పెద్ద కోత కావాలంటే అంత కోశాను. దోమలు కారుని ఎత్తుకుపోయాయన్నాను. అబద్ధం. ఏలూరు కాలవలో మొసలి నన్ను దారి అడిగిందన్నాను. అబద్ధం. ఆ మాట వినపడినంతసేపూ నా రెండు చేతులూ స్టీరింగు మీద నిశ్చింతగా ఉండేవి.

ఒకసారి ఆవిడే అంది. “దీనికి ఇంజను మార్చారు. గేర్లు మార్చారు. బ్రేకులు మార్చారు. ఆ రాజరత్నాన్ని నన్ను కూడా ఒకసారి చూడమనకపోయారా?”

వైపరు వేశాను. వాన లేదు.

తర్వాత బుడమేరు పొంగింది. నీళ్ళన్నీ కొల్లేటి మీద పడ్డాయి. చినఎడ్లగాడి దగ్గర రోడ్డేదో సరస్సేదో తెలియకుండా పోయింది. నీళ్ళు తీయకపోతాయా అని ఒక వంతు వదిలేశాం. తియ్యలేదు, పెరిగాయి. అమ్మాజీకి మళ్ళీ మొహం ఉబ్బింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. సరుకు కోసం ఏలూరు వెళ్ళిన హరిప్రసాద్ నీళ్ళకి అవతల చిక్కుకుపోయాడు. అక్కణ్ణుంచే ఫోను చేశాడు. “ఆస్పత్రిలో అమ్మ మంచం ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచుతాను నాన్నగారూ. సాయంత్రం లోపల ఎలాగైనా తీసుకురండి.” ఇంట్లో వాళ్ళ పిల్లలున్నారు, కొట్టులోకి నీళ్ళొచ్చాయి. శ్రీలక్ష్మిని ఇంట్లోనే ఉండమన్నాను.

చినఎడ్లగాడి దగ్గర రోడ్డుకి అడ్డంగా తాడు కట్టేశారు. దానమ్మ అనే కానిస్టేబులు అడ్డం నిలబడింది.

“తాతగారండీ, పంపలేనండీ. నిన్న ఒక లారీ జారిపోయింది.”

“ఇది గూడబాతమ్మా. ఈదుతుంది. ఒకసారి కైకలూరు నుంచి ఆకివీడు దాకా ఈదింది.”

ఆ అమ్మాయి బండి వంక చూసింది. సగం నమ్మినట్టే ఉంది. “నిజమాండీ?”

వెనకనుంచి నీరసంగా వచ్చింది. “అబద్ధం... అమ్మా.”

దానమ్మ వంగి లోపలికి చూసింది. మొహం మారిపోయింది. “అమ్మో. చుట్టు తిరిగి వెళ్ళిపోండి తాతగారూ. ఆకివీడు, గణపవరం మీంచి హైవే ఎక్కండి. ఆ రోడ్డు బానే ఉంది. నేను అక్కడి మావాళ్ళకి ఫోను చేసి చెబుతాను, ఎవరూ ఆపరు. వెళ్ళండి, వెళ్ళండి.”

అంటే కొల్లేటికి పూర్తి ప్రదక్షిణం. పాత బండి అయితే ఆ దూరానికి సగంలోనే ఆవిరి కక్కేది. ఈ బండి కక్కలేదు. నేను జీవితంలో తోలనంత వేగంగా తోలాను. రెండు పక్కలా వరి నీటి కింద పడుకుని ఉంది. చెరువు గట్లు తెగి చేపలు పోతున్నాయని మనుషులు వలలు పట్టుకుని పరిగెడుతున్నారు. నేను కథ ఆపలేదు. ఏం చెబుతున్నానో నాకే తెలియదు. చేప చదువుకుందన్నాను, ఉద్యోగం వచ్చిందన్నాను. ఒక్కో మాట చెప్పి చెవులు వెనక పెట్టేవాణ్ణి. “అబద్ధం.” కాసేపటికి “...బద్ధం.” ఆ తర్వాత ఒట్టి పెదాల చప్పుడు. అయినా వస్తోంది.

గణపవరం దాటాం. హైవే ఎక్కాం. భీమడోలు దాటింది. గుండుగొలను దగ్గర ముందు వెళ్తున్న చేపల లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. దానికీ నాకూ మధ్య దూరం లేదు, రోడ్డంతా దాని ఐసు నీళ్ళు. నా కాలు తొక్కింది. రెండో పోటుకి పైకి లేవబోయింది. లేవక్కర్లేదు, బండి అప్పటికే ఆగిపోయింది. చాచిన చేతికి అందేంత దూరంలో లారీ తలుపు. దాని సందుల్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా మా బానెట్ ముందు పడుతున్నాయి.

పరుపు ముందుకి జారి అమ్మాజీ తల నా సీటుకి ఆనుకుంది. ఆవిడ ఊపిరి నా వీపుకి తెలుస్తోంది.

“బ్రేకు... పడిందండీ” అంది, ఆశ్చర్యంగా.

“పడింది.”

లారీ కదిలింది. నేనూ కదిలించాను. ఆవిడే అడిగింది.

“ఏవండీ... అన్నిసార్లు నీళ్ళు మారుస్తుంటే... ఆ చేప బతుకుతుందా?”

ఎదురుగా రోడ్డు తిన్నగా ఉంది. మబ్బు విడిపోయి తడి మీద ఎండ పడుతోంది.

“దానికేం” అన్నాను. “మనిద్దరి కంటే ఎక్కువే బతుకుతుంది. నూరేళ్ళు.”

చెప్పి ఎదురు చూశాను. ఈసారి రావలసిన మాట గట్టిగా రావాలి. ఎంత పెద్ద కోతో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

“ఊఁ” అంది అమ్మాజీ.

వేళకి చేరాం. మంచం ఖాళీగా మాకోసమే ఉంది. హరిప్రసాద్ దాని ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు, పొద్దున్నుంచీ వదిలి ఉండడు. జెస్సీ పరిగెత్తుకొచ్చింది. మెషీను తిరిగింది. ఇంజను, గేర్లు, ఇరుసు, బ్రేకులు, ఏ ఒక్కటీ మోసం చెయ్యలేదు. ఆవిడ గుండె మాత్రం మెషీను మీద ఉండగానే ఆగిపోయింది.

తిరుగు ప్రయాణంలో కూడా అమ్మాజీ వెనక పరుపు మీదే పడుకుంది. కూతల బండి వద్దని ఆవిడే అంది కదా. హరిప్రసాద్ నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. మళ్ళీ అదే చుట్టుదారి. గుండుగొలను దగ్గరకి రాగానే ఆపమన్నాను.

“ఏంటి నాన్నగారూ?”

“రేడియేటరు చూడాలి.”

“కొత్తది కదండీ. వేడెక్కలేదు.”

“ఆపరా.”

ఆపాడు. బానెట్ ఎత్తాను. కండువా మడత పెట్టి మూత మీద వేసి, మెల్లగా తిప్పి, ఆవిరి పోయేదాకా ఆగి, వంగి లోపలికి చూశాను. వాడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. లారీలు మమ్మల్ని ఊపేస్తూ పోతున్నాయి.

“ఏముంది నాన్నగారూ?”

“ఉందిరా” అన్నాను. “బానే ఉంది. తోకాడిస్తోంది.”

మూత చేత్తో పట్టుకుని, వెనక తలుపు వైపు చెవి పెట్టి, కాసేపు అలాగే నిలబడ్డాను.